క్యాప్షన్‌తో పాటు అది ఎవరు రాశారో కూడా రావాలి

అల్లూరు దగ్గర మా మావయ్యకు రొయ్యల గుంటలున్నాయి. ఆ చుట్టుపక్కల రైతుల వాట్సాప్ గ్రూపులోకి ఈ మధ్య ఒక కొత్త సౌకర్యం వచ్చింది. రొయ్యల సాగు మీద తెలుగులో ఉన్న వీడియోల క్యాప్షన్లన్నీ పోగేసి, వాటిలో వెతుక్కునేలా కావలి కుర్రాళ్లు కొందరు ఒక వెబ్ పేజీ తయారుచేశారు. సున్నం అనో, వైట్ గట్ (రొయ్య పేగుకు వచ్చే జబ్బు) అనో, ఏరేటర్ (నీళ్లకు గాలి పట్టించే యంత్రం) అనో కొడితే ఆ మాట వచ్చిన చోట్లన్నీ వరసగా కనిపిస్తాయి. గుంట గట్టు మీద నిలబడి గంట వీడియో మొత్తం చూసే తీరిక ఎవరికుంటుంది? చాలా మంచి పని. నాకు ఎంతో నచ్చింది.

ఒక రాత్రి మావయ్య ఫోన్ చేశాడు. "ఇదేందబ్బయ్యా, ఎకరాకి అరవై కేజీలు సున్నం కొట్టమంటా ఉండాడు? ఎవురు చెప్పింది ఇది?" అని అడిగాడు. ఆ వీడియో వెతికి, ఆ చోటికి పోయి విన్నాను. మాట్లాడుతున్న టెక్నీషియన్ చెప్పింది ఇరవై. క్యాప్షన్‌లో పడింది అరవై. వెనకాల ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు, ఆయన గబగబా మాట్లాడే తీరు, రెండూ కలిసి ఆ మాట మొదటి అక్షరం సరిగ్గా వినపడదు. మనిషికైతే ముందూ వెనకా చెప్పింది తెలుసు కాబట్టి ఇరవై అని అర్థమైపోతుంది.

మావయ్య టైగర్ రొయ్య రోజుల నుంచి గుంటలు చేస్తున్నవాడు. అందుకే ఆయనకు అనుమానం వచ్చింది. ఈ ఏడే గుంట లీజుకు తీసుకుని దిగిన కుర్రాడికి ఆ అనుమానం రాదు. సున్నం ఎక్కువైతే నీళ్ల పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ పెరిగితే నీళ్లలో ఉన్న అమ్మోనియాలో ఎక్కువ భాగం విషంగా పనిచేసే రూపంలోకి మారుతుంది. అప్పటికే అడుగు చెడిపోయి ఉన్న గుంటలో అది రొయ్య ప్రాణాల మీదికి వస్తుంది. సీడుకీ మేతకీ కరెంటుకీ పెట్టిన అప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది.

పేజీ చేసిన కుర్రాళ్లను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఏరేటర్ చప్పుడులో తప్పు విన్న యంత్రాన్ని తిట్టాలనీ లేదు. నా దృష్టంతా ఈ రెండిటి మధ్య ఉన్న చిన్న కోడ్ లైబ్రరీ (ఎవరైనా తమ ప్రోగ్రాములో కలుపుకునేలా ముందే రాసిపెట్టిన కోడు) మీద ఉంది. వీడియో నుంచి క్యాప్షన్ తెచ్చిపెట్టే లైబ్రరీ ఏదైనా సరే, ఆ మాటలు మనిషి టైపు చేసినవా, యంత్రం విని రాసినవా, వేరే భాష నుంచి యంత్రం అనువదించినవా అన్నది మాటలకు అంటిపెట్టే ఇవ్వాలని నా వాదన. అడిగితే చెప్తాను అంటే సరిపోదు. అడగకపోయినా చెప్పాలి.

నాలుగు లైన్లలో అయిపోయే పని

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడు రాసేవాళ్లలో చాలామందికి యూట్యూబ్ ట్రాన్‌స్క్రిప్ట్ ఏపీఐ అనే లైబ్రరీ తెలిసే ఉంటుంది. పేరులో ఏపీఐ (ఒక సేవను వేరే ప్రోగ్రాములు అడిగి వాడుకునే దారి) అని ఉన్నా అది యూట్యూబ్ సంస్థ ఇచ్చింది కాదు. బయటివాళ్లు రాసి ఎంఐటీ లైసెన్స్ కింద ఉచితంగా పెట్టారు. కీ అక్కర్లేదు, వెనకాల బ్రౌజర్ నడపక్కర్లేదు. వీడియో ఐడీ ఇస్తే ముక్కల జాబితా చేతికొస్తుంది. ఒక్కో ముక్కలో మూడు సంగతులుంటాయి: మాటలు, అవి మొదలయ్యే సెకను, తెర మీద ఎంతసేపు ఉంటాయన్నది. లైబ్రరీ దించుకోవడం దగ్గర్నుంచి మాటలు తెర మీద చూసేదాకా నాలుగు లైన్ల కోడు చాలు. ఇంత చిన్నదాని మీద ఎన్నో పెద్ద పనులు నడుస్తున్నాయి.

అధికారిక దారి లేదా అంటే ఉంది. యూట్యూబ్ డేటా ఏపీఐలో మామూలుగా ఒక ప్రాజెక్టుకు రోజుకు 10,000 యూనిట్లు ఇస్తారు, అడిగే ప్రతి పనికీ అందులోంచి కొన్ని ఖర్చవుతాయి. ఒక వీడియోకు ఏయే క్యాప్షన్లు ఉన్నాయో అడగడానికి 50 యూనిట్లు, ఒక క్యాప్షన్ దించుకోవడానికి 200. యూనిట్లన్నీ దించుకోవడానికే ఖర్చుపెట్టినా రోజుకు 50 దాటవు. అంతకంటే పెద్ద అడ్డం ఇంకోటుంది. ఆ వీడియోను మార్చే అధికారం ఉన్నవాళ్లకే దించుకునే అనుమతి ఇస్తారు. అంటే సొంత ఛానెల్ క్యాప్షన్లే దొరుకుతాయి. ప్రపంచమంతా తెర మీద చదువుకుంటున్న పక్క ఛానెల్ క్యాప్షన్ ఆ దారిలో దొరకదు.

అందుకే అందరూ ఈ చిన్న లైబ్రరీ దగ్గరికి వస్తారు. యూట్యూబ్ వెబ్ పేజీ తన కోసం తను వాడుకునే, బయటికి ఎక్కడా రాసిపెట్టని దారిలోనే ఇదీ వెళ్తుంది. రేపు పనిచేస్తుందన్న హామీ లేదని లైబ్రరీ పరిచయ పేజీలోనే నిజాయితీగా రాశారు. క్లౌడ్ కంపెనీల సర్వర్ల నుంచి అడిగితే యూట్యూబ్ చాలావరకు అడ్డుకుంటుందనీ అక్కడే ఉంటుంది. కావలి కుర్రాళ్లకూ అదే ఎదురైంది. అద్దె సర్వర్ మీద పెడితే నడవలేదు. చివరికి ఒకరి ఇంట్లో పాత కంప్యూటర్ మీద, ఇంటి ఇంటర్నెట్‌తో నడుపుకుంటున్నారు.

గుర్తు ఎక్కడ రాలిపోయింది

ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి క్యాప్షన్ల మెనూలోకి వెళ్లండి. యంత్రం రాసినదైతే భాష పేరు పక్కనే ఆ సంగతి రాసి ఉంటుంది. అంటే చూసేవాడికి చెప్పాలన్న బాధ్యత యూట్యూబ్ గుర్తించింది. మరి మావయ్య చూసిన పేజీలో ఆ ముక్క ఎందుకు లేదు?

లైబ్రరీ చాలాకాలంగా ఆ సమాచారాన్ని తెస్తూనే ఉంది. ఒక వీడియోకు ఉన్న క్యాప్షన్ల జాబితా అడిగితే, ఒక్కోదానికీ అది యంత్రం తయారుచేసినదా కాదా అన్న గుర్తు ఉంటుంది. మనిషి రాసినవే కావాలనీ అడగొచ్చు, యంత్రం రాసినవే కావాలనీ అడగొచ్చు. కానీ పాత వెర్షన్లలో అందరూ వాడింది ఆ జాబితాను కాదు, దగ్గరి దారిని. ఒక్క పిలుపుతో మాటలు తెచ్చిచ్చే ఫంక్షన్ అది. అడిగిన భాషలో మనిషి రాసినది ఉంటే దాన్ని, లేకపోతే యంత్రం రాసినదాన్ని తెచ్చేది. రెండిట్లో ఏది తెచ్చిందో మాత్రం చెప్పేది కాదు. మాటలు, సెకను, వ్యవధి, అంతే. వీడియోల్లో, బ్లాగుల్లో నేర్పిన పాఠాలన్నీ దాదాపు ఆ దగ్గరి దారినే చూపించాయి. వాటిని చూసి నేర్చుకున్నవాళ్లందరి కోడులోనూ ఆ గుర్తు రాలిపోయింది.

2025లో వచ్చిన 1.0 వెర్షన్‌లో దీన్ని చాలావరకు బాగుచేశారు. ఇప్పుడు తెచ్చిచ్చే వస్తువులోనే వీడియో ఐడీ, భాష, యంత్రం రాసినదా అన్న గుర్తు కలిసి వస్తాయి. ఈ మార్పు చూసి నాకు నిజంగా సంతోషమేసింది. ఎవరో ఎక్కడో కూర్చుని, జీతం లేకుండా, పాతవాళ్ల కోడు విరుగుతుందని తెలిసీ సరైన ఆకారానికి మార్చారు.

అయినా ఆ వస్తువును మామూలు జాబితాగా మార్చుకునే సదుపాయం ఇంకా ఉంది. అలా మారిస్తే మళ్లీ పాత మూడే మిగులుతాయి. జేసన్ (ప్రోగ్రాములు చదువుకునే డేటా) ఫైలుగా రాసిపెట్టే భాగమూ ఆ మూడే రాస్తుంది. ఎస్ఆర్‌టీ అనే సబ్‌టైటిల్ ఫైలుగా దాచుకుంటే అసలు ఆ గుర్తుకు చోటే ఉండదు. వరస సంఖ్య, సమయాలు, మాటలు తప్ప ఎస్ఆర్‌టీలో ఇంకేమీ పట్టవు. వెబ్‌వీటీటీ అనే ఇంకో రకం సబ్‌టైటిల్ ఫైలులో నోట్ అని రాసుకునే వీలుంది గానీ, ఎవరూ రాయరు. కావలి కుర్రాళ్ల డేటాబేసులోనూ ఆ మూడు గడులే ఉన్నాయి. వాళ్లు దాచాలని దాచలేదు. వాళ్ల చేతికి వచ్చిన ఆకారమే అది. ఎలా వచ్చిందో అలా పెట్టుకున్నారు.

కోడు రాసేవాళ్లలో ఎక్కువమంది చేతికొచ్చిన ఆకారాన్నే దాచుకుంటారు. పరిచయ పేజీ మొత్తం చదివి, గుర్తు కోసం వేరే ఫంక్షన్ పిలిచి, దానికో గడి పెట్టుకునేవాళ్లు తక్కువ. కాబట్టి లైబ్రరీ రాసేవాళ్లు పెట్టే ఆకారమే తర్వాత వందల పేజీల్లో నిజంగా స్థిరపడుతుంది. వాట్సాప్ 2018లో ఫార్వర్డ్ అయిన మెసేజీల మీద ఆ సంగతి కనిపించేలా చేసింది. పంపేవాడు ఒప్పుకోవాలని గానీ, చదివేవాడు అడగాలని గానీ పెట్టలేదు. మెసేజ్ ఎక్కడికి పోతే గుర్తూ అక్కడికి పోతుంది. క్యాప్షన్‌కూ అంతే జరగాలి.

వాక్యం చివర ఉండే వద్దు

అంకెలు తప్పు పడటం ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. తెలుగులో ఇంకో చిక్కుంది. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. చేయాలా వద్దా అన్న అసలు సంగతి అక్కడే ఉంటుంది. యంత్రం క్యాప్షన్‌ను ముక్కలు చేసేది వాక్యం చూసి కాదు, సమయం చూసి.

మబ్బు పట్టిన రోజున నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, రొయ్య మేత సరిగ్గా తీసుకోదు. అందుకని టెక్నీషియన్లు, "మబ్బు పట్టిన రోజు మేత మామూలుగా వేసే లెక్కలో వేయొద్దు" అని పదే పదే చెప్తారు. ఈ మాట క్యాప్షన్‌లో రెండు ముక్కలైందనుకోండి. "మబ్బు పట్టిన రోజు మేత మామూలుగా వేసే లెక్కలో" అన్నది ఒక ముక్క, "వేయొద్దు" అన్నది తర్వాతి ముక్కలో మొదటి మాట. మేత అని వెతికినవాడికి మొదటి ముక్కే కనిపిస్తుంది. యంత్రం ఒక్క అక్షరం కూడా తప్పు వినలేదు. అయినా రైతుకు అందింది తలకిందులైన సలహా.

తెర మీద చోటు చాలదని కోసేసే పేజీలు దీన్ని ఇంకా చెడగొడతాయి. నెల్లూరు అన్న మాట మనకు మూడు అక్షరాలు. కంప్యూటర్ అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్ లెక్కలో అది 8 సంకేతాలు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 24 బైట్లు. ఇంగ్లీషులో నెల్లూరు పేరుకు 7 అక్షరాలు, 7 బైట్లే. ఇంగ్లీషు వాక్యాన్ని దృష్టిలో పెట్టుకుని 60 బైట్ల దగ్గర కోయమని రాసిన కోడు తెలుగు వాక్యాన్ని చాలా ముందే కోసేస్తుంది. పోయేది చివరి భాగం. చివర్లోనే క్రియ ఉంది.

ఎవరు రాశారన్న గుర్తు ఇక్కడ కూడా పనికొస్తుంది. మనిషి కూర్చుని టైపు చేసిన క్యాప్షన్‌లో ముక్కలు సాధారణంగా అర్థం తెగే చోట తెగుతాయి. వాక్యం ముగిస్తే చుక్క ఉంటుంది. యంత్రం రాసినదాంట్లో చాలాసార్లు చుక్కే ఉండదు, ఒక ముక్క తెర మీద ఉండగానే తర్వాతిది మొదలవుతుంది. కాబట్టి ఈ రెండు రకాలనూ చూపించాల్సిన పద్ధతి వేరు. యంత్రం రాసినదని తెలిస్తే పేజీ రాసేవాడు ముందు ముక్కనూ వెనక ముక్కనూ కలిపి చూపించవచ్చు. తెలియకపోతే రెండిటినీ ఒకేలా చూపిస్తాడు. అంటే ఆ గుర్తు చదివేవాడికి హెచ్చరిక మాత్రమే కాదు, కోడుకు కూడా కావాల్సిన సమాచారం.

ఒప్పుకోని వాళ్ల మాట

ఒంగోలులో నాకో పాత మిత్రుడున్నాడు. లైబ్రరీలు రాయడంలో నాకంటే అనుభవం ఎక్కువ. ఇదంతా చెప్తే అతను ఒప్పుకోలేదు. "చిన్న లైబ్రరీ బతికేది చిన్నగా ఉన్నందుకే. ఈ రోజు ఎవరు రాశారో చెప్పమంటావు, రేపు తప్పులు దిద్దమంటావు, ఎల్లుండి ముక్కలు కలపమంటావు. తెచ్చివ్వడం దాని పని, నమ్మాలా వద్దా అన్నది వాడేవాడి పని," అన్నాడు. ఈ మాటలో నిజం ఉంది. దిద్దడం, కలపడం లైబ్రరీ పని కాదని నేనూ అంటాను. యూట్యూబ్ లోపల ఏదో మార్చిన ప్రతిసారీ ఇది ఆగిపోతుంది, ఎవరో నిద్ర మానుకుని బాగుచేయాలి. కోడు ఎంత పెరిగితే ఆ భారం అంత పెరుగుతుంది.

కానీ నేను అడుగుతున్నది కొత్త పని కాదు. గుర్తు యూట్యూబ్ దగ్గరే ఉంది, లైబ్రరీ దాన్ని చదువుతూనే ఉంది. చదివినదాన్ని దారిలో పారేయకుండా ఉండమనే అడుగుతున్నాను. పారేయకుండా ఉండటానికి కోడు పెద్దగా పెరగదు. ఒక్కో ముక్కకూ కాకపోయినా, జేసన్ ఫైలు పైన ఒక్క వరస చాలు.

అతని రెండో మాటకు జవాబు చెప్పడం నాకు కష్టమైంది. "ఆ గుర్తు మాత్రం నిజం చెప్తుందని ఏంటి? ఛానెల్ వాళ్లే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో రాయించి, ఫైలు ఎక్కిస్తే అది మనిషి రాసిన లెక్కలోకి పోతుంది కదా" అన్నాడు. నిజమే. ఓపెన్‌ఏఐ సంస్థ 2022 సెప్టెంబరులో మాటలు విని రాసిపెట్టే విస్పర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా విడుదల చేశాక, మామూలు కంప్యూటర్ ఉన్నవాళ్లు కూడా వీడియో ఇచ్చి క్యాప్షన్ ఫైలు రాయించుకోగలుగుతున్నారు. ఆ ఫైలును ఛానెల్‌లో ఎక్కిస్తే యూట్యూబ్ దాన్ని తన యంత్రం రాసినదిగా గుర్తించదు. లైబ్రరీ కూడా యంత్రానిది కాదనే చెప్తుంది. చదివేవాడు మనిషి రాశాడని ఇంకా గట్టిగా నమ్ముతాడు. అంటే గుర్తు పెట్టడం వల్ల కొన్నిచోట్ల నష్టమే జరగొచ్చు.

దీని గురించి చాలా ఆలోచించాను. గుర్తులో రాసే మాట మార్చాలన్నది నాకు తోచిన దారి. యంత్రం రాయలేదు అంటే మనిషి రాశాడని అర్థం చేసుకోకూడదు. ఛానెల్ వాళ్లు ఎక్కించారు అని మాత్రమే అర్థం. పేజీలో అలాగే చూపించాలి: ఒకదానికి యూట్యూబ్ యంత్రం రాసింది, ఇంకోదానికి ఛానెల్ వాళ్లు పెట్టారు. రెండోదానికి బాధ్యులు ఎవరో తెలుస్తుంది, అడగడానికి ఒక మనిషి ఉంటాడు. మనకు తెలిసింది అంతవరకే, చెప్పాల్సిందీ అంతవరకే. మిత్రుడు దీనికి సగం ఒప్పుకున్నాడు.

ఇంకో అభ్యంతరం కూడా అతనిదే. మన జిల్లాల నుంచి వచ్చే వీడియోల్లో దాదాపు అన్నీ యంత్రం రాసినవే అయినప్పుడు, అన్నిటి మీదా ఒకే గుర్తు ఉంటే దాన్ని ఎవరు చూస్తారు అని. అలా ఎందుకైందో కూడా గుర్తు చేసుకోవాలి. చూసేవాళ్లే క్యాప్షన్లు రాసి పంపే సౌకర్యం యూట్యూబ్‌లో ఒకప్పుడు ఉండేది. వాడేవాళ్లు తక్కువ, స్పామ్ ఎక్కువ అని చెప్పి 2020 సెప్టెంబరు 28న తీసేశారు. వినపడనివాళ్లు ఎంతోమంది వద్దని మొత్తుకున్నారు. ఆ తలుపు మూశాక క్యాప్షన్ పెట్టాలంటే ఛానెల్ యజమానే పెట్టాలి. మందుల షాపు నడుపుకుంటూ, గుంటల చుట్టూ తిరుగుతూ వీడియోలు తీసే మనిషి తెలుగులో గంట మాటలు టైపు చేస్తాడా? చేయలేడు. అయినా చేసినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. వాళ్ల ముక్కలు వెతుకులాటలో పైన రావాలంటే పేజీకి ఆ తేడా తెలియాలి. తెలియకపోతే వాళ్ల కష్టం, యంత్రం విన్నదానితో కలిసి ఒకే కుప్పలో పడుతుంది. అలా పడటం నాకు బాధగా ఉంది.

యూట్యూబ్ నిబంధనల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ముందుగా అనుమతి లేకుండా ఇలా యంత్రాలతో సేకరించడాన్ని ఆ నిబంధనలు ఒప్పుకోవు. ఈ లైబ్రరీ వాడే ప్రతివాళ్లూ ఆ గీత దగ్గరే నిలబడి ఉన్నారు. నా సొంత వెతుకులాటకో, చదువుకో వాడుకోవడం వేరు, ఇంకొకరి మాటలన్నీ పోగేసి నా సరుకుగా అమ్ముకోవడం వేరు అని నా నమ్మకం. కావలి పేజీలో ప్రకటనలు లేవు, డబ్బులు అడగరు. ప్రతి ఫలితమూ అసలు వీడియోకే పంపించాలని వాళ్లకు నేను గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. చూసే లెక్క ఆ టెక్నీషియన్‌కే పడాలి.

మా చెల్లెలు చెప్పింది

నన్ను ఎక్కువ భయపెట్టిన అనుమానం వేరే ఉంది. కందుకూరులో మా పిన్ని కూతురు ఉంది. తనకు చిన్నప్పటి నుంచి వినపడదు. గ్రూప్ 2 పరీక్షకు ఫోన్‌లో క్లాసులు చూసి చదువుతుంది. తన చదువంతా క్యాప్షన్ల మీదే. 2016 వికలాంగుల హక్కుల చట్టం టీవీ కార్యక్రమాలు వినపడనివాళ్లకు సంజ్ఞా భాషతోనో సబ్‌టైటిళ్లతోనో అందేలా చూడమంది. తను చూసేది టీవీ కాదు, ఏదో ఊళ్లో ఒక మాస్టారు బోర్డు ముందు నిలబడి తీసిన వీడియో.

యంత్రం రాసినవి తప్పులు, జాగ్రత్త అని అందరం అరుస్తూ పోతే, ఛానెళ్ల వాళ్లు భయపడి క్యాప్షన్లే ఆపేస్తే? పేజీలు చేసేవాళ్లు యంత్రం రాసినవి వద్దని వడగట్టేస్తే? మావయ్య వినగలడు, ఆయనకు క్యాప్షన్ ఒక సౌకర్యం. చెల్లికి అదొక్కటే దారి. నా వాదన వల్ల తన దారి మూసుకుపోతే నేను ఈ మాట అనకూడదు.

అందుకే తననే అడిగాను. వాట్సాప్‌లో వచ్చిన జవాబు ఇది: "అన్నా, మెషిన్ రాసిందని తెలిస్తే నేను సార్ పెదాలు కూడా చూస్తా. సంవత్సరాలు, ఆర్టికల్ నంబర్లు పుస్తకంలో సరిచూసుకుంటా. మనిషి రాశాడనుకుంటే చూడను, నమ్మేస్తా. నాకు ముందే చెప్పండి. తీసేయొద్దు."

తప్పులుంటాయని తనకు ఎవరూ నేర్పక్కర్లేదు. మనందరికంటే ఎక్కువగా ఆ తప్పుల మధ్యే బతుకుతోంది. ఎక్కడ జాగ్రత్త పడాలో తెలియడమే తనకు కావాలి. యంత్రం రాసినదాన్ని దాచడం, అది యంత్రం రాసిందన్న సంగతి దాచడం, రెండూ తనకు నష్టమే. అందుకే లైబ్రరీ ఏదీ వడగట్టకూడదు. ఉన్నదంతా ఇవ్వాలి, గుర్తుతో ఇవ్వాలి.

తన జవాబు చూశాకే ఇంకో విషయం గట్టిగా అనిపించింది. అడిగిన భాష లేకపోతే లైబ్రరీ తనంతట తాను వేరేది తేకూడదు. తెలుగు లేదు అని చెప్పి ఆగాలి. ఇంగ్లీషు క్యాప్షన్‌ను యంత్రంతో తెలుగులోకి మార్చి ఇచ్చే వీలు యూట్యూబ్‌లో ఉంది, లైబ్రరీలోనూ ఉంది. అది కావాలని వాడేవాడు పేరు పెట్టి అడగాలి. యంత్రం విన్నదాన్ని మళ్లీ యంత్రం అనువదిస్తే రెండు చోట్ల తప్పు పడే అవకాశం ఉంటుంది. ఈ విషయంలో ఈ లైబ్రరీ పద్ధతి సరిగ్గానే ఉంది. అనువాదం అడిగితేనే ఇస్తుంది. దాని మీద అల్లుకున్న పేజీలే కొన్ని, ఖాళీ తెర కనిపించకూడదని, అడగకుండానే అనువాదం పెట్టేస్తున్నాయి. ఖాళీ తెర చూపించడంలో తప్పేమీ లేదు.

ఇప్పుడు పేజీ ఎలా ఉంది

కుర్రాళ్లతో రెండు మూడు సాయంత్రాలు కూర్చున్నాం. అందరికీ సులభంగా అర్థమైన మార్పు సెకనుదే. ముక్క మొదలయ్యే సెకను లైబ్రరీ మొదటి నుంచీ ఇస్తోంది కాబట్టి, ప్రతి ఫలితం కిందా వీడియోను సరిగ్గా అక్కడి నుంచి మొదలుపెట్టే లింకు పెట్టారు. ఇంకా కొంచెం వెనక్కి జరిపి పెట్టమన్నాను, ముందు మాట కూడా వినపడుతుంది. ఇరవయ్యా అరవయ్యా అన్నది రైతు చెవే తేల్చుకుంటుంది. మావయ్య ఇప్పుడు చదవడం మానేసి నేరుగా ఆ లింకే నొక్కుతున్నాడు. కేజీలు, లీటర్లు, గ్రాములు ఉన్న ముక్కలకు లింకును పెద్దగా చూపిస్తున్నారు. ముక్కల్ని ముందూ వెనకా కలిపి చూపించడం కూడా మొదలైంది.

ఎవరు రాశారన్న గడి డేటాబేసులో చేర్చారు గానీ, పాతవాటికి ఆ సమాచారం లేదు. అన్నీ మళ్లీ తెచ్చుకోవాలి. ఇంటి ఇంటర్నెట్ మీద ఒక్కొక్కటిగా, యూట్యూబ్ అడ్డుకోకుండా నెమ్మదిగా తెస్తున్నారు. ఈలోగా కొన్ని వీడియోలు ఛానెళ్ల నుంచి మాయమయ్యాయి. వాటి మాటలు మాత్రం డేటాబేసులో ఉన్నాయి. ఎవరు రాశారో తెలియదు, విని చూద్దామంటే వీడియో లేదు.

వాటిని తీసేయాలని నేనన్నాను. వాళ్లలో ఒకతను గట్టిగా వద్దన్నాడు. అందులో ఒక పెద్ద టెక్నీషియన్ మాటలున్నాయట. గుంట అడుగు ఎండబెట్టడం దగ్గర్నుంచి పట్టుబడి దాకా ఆయన చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పలేదని, ఆ ఛానెల్ ఇప్పుడు లేదని, ఈ ముక్కలు కూడా పోతే ఆయన చెప్పింది ఎక్కడా మిగలదని అతని బాధ. అది విన్నాక తీసేయమని మళ్లీ అనలేకపోయాను. అంకెలున్న ముక్కలు వెతుకులాటలో రాకుండా పక్కన పెట్టి, మిగతావి ఎవరు రాశారో తెలియదు అన్న గుర్తుతో ఉంచడానికి ప్రస్తుతానికి ఒప్పుకున్నాం. ఆయన ఫోన్ నంబరు కోసం గ్రూపులో అడుగుతున్నారు. దొరికితే ఆ అంకెలు చదివి వినిపించి, సరైనవో కాదో ఆయన్నే చెప్పమంటారు.